ఆవు మీద ఏకగ్రీవ తీర్మానం

అశోక్‌నగర్‌లోని ఒకానొక వీధిలో మంచితనం అమల్లోకి వచ్చినట్లు పాఠకులందరికీ ఇందుమూలముగా తెలియజేయడమైనది. అంతకుముందు ఆ వీధివాళ్లు ఒకరినొకరు చూసీచూడనట్టు పోతూ, పోనీలే అనుకుంటూ బతికేవారు. అలా బతకడం అనాగరికమని గ్రహించి ఇళ్లున్నవాళ్లంతా ఒకచోట చేరి, ఇంటి యజమానుల సంక్షేమ సంఘం స్థాపించుకున్నారు. విశ్వేశ్వరరావుగారిని అధ్యక్షులుగా ఎన్నుకున్నారు. ఆయన ఇల్లు అప్పటికింకా పునాదుల్లో ఉంది. కాపురం దోమలగూడలో, అద్దెకు. అయితేనేం, ఇల్లు లేనివాడికే ఇంటి యజమాని బాధ్యతలు నిష్పక్షపాతంగా కనబడతాయని కార్యదర్శి విద్యాసాగర్ సెలవిస్తే చప్పట్లు మారుమోగాయి.

సంఘం చేసిన మొదటి పని మంచి పొరుగువాడు ఎలా ఉండాలో నియమాలు రాయడం. ఎండుమిరపకాయలతో పోపు పెట్టే ఇల్లాలు గాలి ఎటు వీస్తున్నదో చూసి, అటువైపు ఇళ్లకు ముందుగా కబురు చేయాలి. తుమ్ము వచ్చినవాడు తన ప్రహరీలోపలే తుమ్ముకోవాలి. మునగకొమ్మ పక్కింటి మీదికి వాలితే తప్పు చెట్టుగలవాడిది, కాయలు పక్కింటివాడివి. మొగుడూ పెళ్లాలు పోట్లాడుకుంటే పొరుగువారికి ముక్కముక్కా తెలిసేటట్టు పోట్లాడుకోవాలి, లేదా పూర్తిగా మానుకోవాలి. సగం సగం వినబడే పోట్లాటల వల్ల పక్కింటివారి మనశ్శాంతి దెబ్బతింటున్నదని ముగ్గురు సభ్యులు ఫిర్యాదు చేసి ఉన్నారు.

ఇంత నాగరికత మధ్య మిగిలిపోయిన మచ్చ ఒక్కటే, బుగ్గయ్య ఆవు.

బుగ్గయ్య కాచిగూడ స్టేషన్‌లో పార్సిళ్ల గుమాస్తా. అతని పెంకుటిల్లు ఆ వీధికి పేరు కూడా లేనప్పటిది. చుట్టూ ఉన్న జొన్నచేలు ప్లాట్లయి, ప్లాట్లు మేడలవుతుంటే, పెరట్లో కొట్టమూ, కొట్టంలో ముత్యాలనే ఆ ఆవూ ఉన్నచోటనే ఉన్నాయి. బుగ్గయ్య పెళ్లాం ఆశమ్మ కాపురానికి వస్తూ వెంట తెచ్చుకున్న ఆవు ముత్యాలు తల్లి. ముత్యాలు ఆ కొట్టంలోనే పుట్టింది. ఆశమ్మ ఏం చెప్పినా తల ఊపుతూ వినే ప్రాణి ఆ ఇంట్లో అదొక్కటే. వీధిలో సగంమంది పిల్లలు దాని పాలు తాగే ఎదిగారు. ఆ సంగతి సంఘం దృష్టికి ఎవరూ అధికారికంగా తేలేదు కాబట్టి అది జరగలేదనే అనుకోవాలి.

ఆ ఏడాది ఊరంతా ఒకటే లొల్లి. ఎవరు ఈ గడ్డవాళ్లు, ఎవరు వచ్చిపడ్డవాళ్లు అనే లెక్క తేలక కాలేజీలు మూతపడ్డాయి. నారాయణగూడ చౌరస్తాకు బస్సు వస్తుందో రాయి వస్తుందో చెప్పగలవాడు లేడు. గుంటూరునుంచి వచ్చిన అధ్యక్షులవారూ, ఇక్కడే పుట్టిన కార్యదర్శీ రోడ్డు మీద ఎదురైతే మొగాలు తిప్పుకునేవారు. సంఘంలో ఆవు మాట వచ్చిందంటే మాత్రం ఒకే బెంచీ మీద భుజాలు రాసుకుంటూ కూర్చునేవారు. పెద్దపెద్దవాళ్లు కలపలేనివాళ్లను ఒక నోరులేని పశువు కలిపిందంటే సంఘం గొప్పతనం ఊహించుకోవచ్చు. నిజానికి ఆ వీధిలోనే పుట్టి పెరిగిన స్థానికురాలు ముత్యాలొక్కతే. అందుకనే దాన్ని వెళ్లగొట్టాలని తేల్చారు.

రెండుకాళ్లకు మించి ఉన్నవారు వీధిలో నివసించరాదని నియమం వచ్చింది. మరి అధ్యక్షులవారి ఇటుకల కుప్పకు కాపలా ఉన్న కుక్క మాటేమిటని ఎవరో అడిగారు. కుక్క నివాసి కాదు, కుటుంబ సభ్యుడు అని జవాబు.

బుగ్గయ్య మెత్తని మనిషి. నలుగురి నోట మంచి పొరుగువాడనిపించుకోవాలని అతనికి తీరని ఆశ. అలాంటివాడి కోసమే నియమాలు పుడతాయి. గంట మోగితే నిద్రాభంగం అన్నారు, గంటలో గుడ్డలు కుక్కాడు. అంబా అనడంలో మితం పాటించాలన్నారు, దాని మూతికి చిక్కం కట్టి మేతప్పుడు విప్పేవాడు. పేడ వీధిలో పడితే సహించేది లేదన్నారు. నాటినుంచీ ముత్యాలును మేతకు తోలుకుపోయేటప్పుడు, ఆఫీసు కోటు వేసుకుని, తట్ట పట్టుకుని దాని వెనకాలే నడిచేవాడు. తోక ఎత్తడం ఆలస్యం, తట్ట కిందికి పోయేది. కొన్నాళ్లకు చూపు ఎటున్నా చెయ్యి దానంతటదే పోయేటంత సాధకం కుదిరింది. పేడ నేలను తాకింది లేదు. మేడల మీంచి సభ్యులు చూసి, పరవాలేదు, మనిషి దారికొస్తున్నాడని మెచ్చుకునేవారు.

ఆశమ్మ మెచ్చుకోలేదు.

"దాని నోరు కట్టినవ్, నా నోరు కట్టినవ్. జర ఆ కుక్క నోరు కూడ కట్టరాదయ్యా, రాత్రంత మొరుగుతది!"

"మెల్లగనే. వింటరు."

"విననీ. పాలు తాగినప్పుడు తల్లి, పేడ ఏసినప్పుడు పశువా? ఏంది వీళ్ల ఇన్సాఫు?"

"జర సబర్ పట్టు. మనం మంచిగుంటే వాళ్లూ మంచిగుంటరు."

వాళ్లు మంచిగానే ఉన్నారు. ఎంతో మర్యాదగా, బుగ్గయ్యగారూ అని సంబోధించి, ఉగాదిలోగా ఆవు వీధి ఖాళీ చేయాలని నోటీసు పంపారు. ఆ రాత్రి ఆశమ్మ అన్నం ముట్టలేదు. "అది పోతే నేనూ పోత. నీ మంచితనం నువ్వే వండుకొని తిను" అన్నది. బుగ్గయ్య జీవితంలో మొదటిసారి భయపడ్డాడు. అయినా ఆ పోట్లాట నియమం ప్రకారం పొరుగువారికి ముక్కముక్కా వినబడిందా లేదా అని కిటికీలోంచి ఓసారి తొంగిచూశాడు.

ఇంతలో అధ్యక్షులవారి మేడ పూర్తయింది. మొజాయిక్ గచ్చు, రంగుటద్దాల కిటికీలు. ఉగాదికి ముందే గృహప్రవేశం. గుంటూరునుంచి చుట్టాలు దిగారు. మంగళవాయిద్యాలు మోగుతున్నాయి. గడపలో ముందుగా అడుగుపెట్టాల్సిన ఆవును హిమాయత్‌నగర్ నుంచి మాట్లాడి ఉంచారు. తీరా చూస్తే ఆవేళ బంద్. రోడ్లన్నీ మూశారు. ఆవు రాలేదు.

పురోహితుడు పంచాంగం మూసి, "గోవు లేకుండా గడప దాటితే ఆ పైన నన్నడక్కండి" అన్నాడు. అధ్యక్షులవారి భార్య బాలత్రిపురసుందరి కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఎదురుగా ఆవును పెట్టుకుని ఎక్కడెక్కడో వెతుకుతారేమండీ!"

విశ్వేశ్వరరావుగారు పట్టుపంచెతోనే బుగ్గయ్య కొట్టంలోకి వచ్చారు. ముక్కు మూసుకోలేదు. అది గమనించదగిన విషయం.

"బుగ్గయ్యగారూ, మనం మనం ఒక వీధివాళ్లం. ముత్యాలమ్మను ఒక్కసారి పంపించండి. నోటీసు సంగతి నేను చూసుకుంటాను. ఇది నా మాట."

బుగ్గయ్య అప్పుడే పలుపు విప్పబోయాడు. ఆశమ్మ మాత్రం, "నలుగురి ముంగట చెప్పుండ్రి" అన్నది. ఆయన బయటికి వచ్చి నలుగురి ముందూ చెప్పారు. కానీ నియమం అడ్డుంది. విద్యాసాగర్ రోడ్డు మీదనే అత్యవసర సమావేశం పెట్టి, నిషేధం పశువులకేగానీ గోమాతకు వర్తించదని తీర్మానం చదివాడు. ముత్యాలు చిక్కం విప్పారు. కొమ్ములకు పసుపు రాశారు, నడుముకు పట్టుగుడ్డ చుట్టారు. నిన్నటిదాకా దాన్ని అదిలించినవాళ్లు వంగి కాళ్లు తాకుతుంటే అది భయపడి బుగ్గయ్య కోసం చూసింది. బుగ్గయ్య అలవాటుకొద్దీ దాని వెనకాలే ఉన్నాడు. అలవాటుకొద్దీ తట్టా చేతిలో ఉంది.

ముత్యాలు గడప దాటింది. వాయిద్యాలు హోరెత్తాయి. హాలు నడిమధ్య, మొజాయిక్ గచ్చు మీద నిలబడి, మెల్లగా తోక ఎత్తింది. చుట్టాలంతా ఊపిరి బిగబట్టి చేతులు జోడించారు. గృహప్రవేశంనాడు కొత్త ఇంట్లో ఆవు పేడ వేయడం కంటే శుభం లేదని తెలియనివాడు అక్కడ లేడు. బుగ్గయ్యకు మాత్రం తెలియదా? తెలుసు. చేతికి తెలియదు. తట్ట రివ్వున పోయింది. ఉన్నదంతా ఒడుపుగా, ఒక్క చుక్కయినా గచ్చును తాకకుండా తట్టలో పడింది. బుగ్గయ్య మెప్పుకోసం తల ఎత్తి నవ్వాడు.

వాయిద్యాలు ఆగిపోయాయి.

"దుర్మార్గుడా! ఇంట్లోకి వచ్చిన లక్ష్మిని తట్టలో పట్టుకుపోతావా!" అని పురోహితుడు కేక పెట్టాడు.

"పొరపాటైంది పంతులుగారూ, ఇగో, ఈడనే పెడుత" అని బుగ్గయ్య తట్ట బోర్లించబోయాడు. చెల్లదన్నాడు పురోహితుడు. లక్ష్మి తనంతట తాను దిగాలి, మనుషులు దింపితే లెక్కలోకి రాదు. అయితే మళ్లీ దిగేదాకా ఆగుదామన్నారు. అరటిపళ్లు పెట్టారు, బెల్లం పెట్టారు, నానబెట్టిన శనగలు పెట్టారు. చుట్టాల్లో పెద్ద ఆఫీసర్లు, ఒక ప్లీడరు, ఇద్దరు డాక్టర్లు ఆవు వెనక గుమిగూడి తోక వంక చూస్తూ నిలబడ్డారు. ముత్యాలు అన్నీ తిని, నెమరు వేసుకుంటూ కళ్లు మూసుకుంది. ముహూర్తం దాటిపోయింది.

మర్నాడే కొత్త హాల్లో సర్వసభ్య సమావేశం. అధ్యక్షులవారు గోమాత మహిమ గురించి గంటసేపు మాట్లాడారు. అది విని కొందరు కండువాలతో కళ్లద్దుకున్నారు. చివరన ఆయన గొంతు పెంచారు.

"సోదరులారా! అంతటి పవిత్రమైన గోమాత ఎవరి పంచన ఉంది? పొరుగువాడి ఇంటి శుభాన్ని కళ్లముందే కాజేసిన మనిషి పంచన! ఆ తల్లిని అక్కడ ఉండనిస్తే మనం హిందువులమేనా?"

కావున గోమాత గౌరవాన్ని కాపాడేందుకు ముత్యాలును ఊరిబయటి గోశాలకు తరలించాలని కార్యదర్శి ప్రతిపాదించాడు. "నోటీసు సంగతి చూసుకుంటనంటిరి గద సార్" అని బుగ్గయ్య మెల్లగా గుర్తుచేశాడు. చూసుకున్నాననీ, నోటీసు రద్దయిందనీ, ఇది తీర్మానమనీ అధ్యక్షులవారు ఓపికగా వివరించారు. నియమం ప్రకారం, వద్దనేవారిని చేతులెత్తమని విద్యాసాగర్ అడిగాడు. ఒక్క చెయ్యీ లేవలేదు. తీర్మానం ఏకగ్రీవం. కాఫీలు ఇచ్చారు. ఆవేళ డికాక్షనులో పోసినవి ముత్యాలు పాలే.

గోశాల బండి వచ్చింది. ముత్యాలు ఎక్కనన్నది. సభ్యులు తలో చెయ్యీ వేసి, గోమాతకు జై అంటూ వెనకనుంచి నెట్టారు. బండి మలుపు తిరిగేదాకా ఆశమ్మ గడపలో నిలబడింది. ఏడవలేదు. లోపలినుంచి బట్టల మూట తెచ్చి చంకన పెట్టుకుంది.

"ఆ హాలు కిటికికాడ నిలవడి అంత చూసిన. వద్దనేటోళ్లు చేతులెత్తుండ్రి అని అడిగిండు గద ఆ విద్యాసాగర్. నీ చెయ్యికేమైంది?"

బుగ్గయ్య తల వంచుకున్నాడు.

"జాగ ఇరుకుండెనే. ఎత్తితే పక్కాయన కండ్లద్దాలకు తగుల్తుండె."

ఆశమ్మ మూటతో వీధి దాటింది. బుగ్గయ్య వంటి పొరుగువాడు దొరకడం అరుదని సంఘం ఆ నెలలోనే అభినందన తీర్మానం చేసింది. అది కూడా ఏకగ్రీవమే. ఆ హాల్లో తక్కినవాళ్ల చేతులు ఏమయ్యాయని మీరు అడగబోతున్నట్టున్నారు. అడగండి, తప్పు లేదు. కాకపోతే అడిగేముందు మీ చేతులు ఎక్కడున్నాయో ఒక్కసారి కిందికి చూసుకోండి.