మంచి కాలికి వచ్చిన జబ్బు

ఆయన మాట చెల్లే చోటు లోకంలో ఒక్క పరుగుల మైదానమే. అక్కడ ఆయన కోచ్. ఇంటి గడప తొక్కితే మాత్రం ఫిజియోథెరపిస్టు భార్య చెప్పిందే చట్టం.

కూతురి మోకాలి లిగమెంటు తెగి, ఆపరేషనై ఏడు నెలలైంది. ఇంకో పది రోజుల్లో పరుగుల జట్టుకి సెలెక్షన్లు. ఈ అవకాశం మళ్లీ రాదేమోనని తండ్రికి బెంగ. అదే లిగమెంటు మళ్లీ తెగితే పిల్లకి ఇక పరుగే ఉండదని తల్లికి భయం.

మధ్యలో ఒంటికాలి పరీక్ష ఒకటుంది. మంచి కాలు దూకిన దూరంలో నూటికి తొంభై వంతులైనా దెబ్బ కాలు దూకాలి. అప్పుడే ఆవిడ ఫిట్‌నెస్ కాగితం మీద సంతకం పెడుతుంది. ఆ కాలేమో వంద సెంటీమీటర్లు దాటి చావదు.

ఆయన బుర్ర గోక్కున్నాడు. దెబ్బ కాలిని పెంచడం తన వల్ల కాదు. మంచి కాలిని తగ్గిస్తే?

"అమ్మలూ, రేపు మంచి కాలితో కాస్త బద్ధకంగా దూకు," అన్నాడు కూతురి చెవిలో.

"అమ్మకి తెలిస్తే?"

"నేను చూసుకుంటాగా!"

ఆయన ఇంతవరకూ ఏదీ చూసుకోలేదని పిల్లకి తెలుసు. అయినా పరుగు మీద ఆశ కదా, తలూపింది.

మర్నాడు సోఫా పక్కకి జరిపి, నేల మీద టేపు పరిచారు. దెబ్బ కాలు వంద. మంచి కాలు నూట అయిదు.

"తొంభై అయిదు వంతులు! పెట్టెయ్ సంతకం," అన్నాడాయన, లేని దగ్గు తెచ్చుకుంటూ.

ఆవిడ పాత కాగితాలు తిరగేసింది. "పోయిన నెల మంచి కాలు నూట యాభై దూకిందండీ."

"ఎండలు కదే..."

"ఎండలకి ఒక్క కాలే నీరసపడిందా? అయ్యో పాపం! అయితే రెండు కాళ్లకీ వైద్యం చెయ్యాలి. ఇంకో ఏడు నెలలు."

పిల్ల ఘొల్లుమంది. "నాన్నే తగ్గించమన్నారమ్మా!"

ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఈసారి నిజంగా దూకమ్మా. మీరు ఎదురుగా నిలబడి చూడండి. టేపుని కాదు, మోకాలిని."

మంచి కాలు నూట యాభై దాటింది. ఆ ఊపులో పిల్ల దెబ్బ కాలితో కూడా ఆశగా ఎగిరింది. నేల తాకగానే మోకాలు లోపలికి ఒరిగి, గడగడా వణికింది. ఆయన ఒక్క అంగలో వెళ్లి పట్టుకున్నాడు. ఇన్నాళ్లూ స్టాప్‌వాచీని చూశాడే గాని, ఈ మోకాలిని చూసిన పాపాన పోలేదు. సిగ్గుతో ఆయన తల వాలిపోయింది.

"సెలెక్షన్లు వద్దులే తల్లీ. పేరు కొట్టేయిస్తాను."

ఆవిడ ఫోను తెచ్చి చేతిలో పెట్టింది. "ఇప్పుడే. నా ఎదురుగా. స్పీకర్ పెట్టి."

ఏ కాలికండీ ఇబ్బంది, అని అడిగారు అవతలివాళ్లు.

"దెబ్బ తగిలిన కాలికేనండీ," అన్నాడాయన భార్య వంక బిక్కుబిక్కుమని చూస్తూ. "మంచి కాలు ఇందాకే బాగైంది."