ఆరు ఆకుపచ్చ గీతలు

పదింటికల్లా గ్రాఫు మేనేజరు బల్లమీద పెట్టాలి, ఆయన తల ఊపగానే ఉద్యోగం ఖాయం చేయించుకోవాలి. కొత్తమ్మ పొద్దున్నే వేసుకున్న పథకం ఇదే. రొట్టెల ఫ్యాక్టరీలో చేరి మూడు నెలలు. రెండేళ్ల పిల్లను అత్తగారి ఒళ్లో దించి వచ్చిన ప్రతిరోజూ, ఇవాళ తీసేస్తారేమోనని భయమే.

ఓవెన్లు ఆరు, వాటి వేడి చూపే గీతలు ఆరు. ఏ గీత కిందికి జారితే ఆ ఓవెన్ రిపేరుకు పోతుంది. ఆరు రంగుల స్కెచ్ పెన్నులతో చకచకా గీసి చూసుకుంది. ఇంద్రధనుస్సే!

మూడో ఓవెన్ చూసే మీసాల మాస్టరు తొంగిచూశాడు. "ఇదేంటమ్మా, నాకు ఎరుపు తగిలించావ్? ఎర్రగీత పడ్డ ఓవెన్ ఆ నెలే మూతపడింది, రెండుసార్లు! ఆకుపచ్చ వెయ్యి తల్లీ."

వేసింది. దాంతో ఎరుపు ఐదో ఓవెన్‌కి పడింది. ఐదో మాస్టరు పరుగెత్తుకొచ్చాడు. "మా ఓవెన్ ఏం పాపం చేసిందమ్మా?"

పావుగంటలో ఆరుగురు మాస్టర్లూ బల్లను చుట్టేశారు. "నాకూ ఆకుపచ్చే!" "నేను సీనియర్ని, ముందు నాకు!"

చేసేది లేక కొత్త కాగితం తీసి అందరికీ ఆకుపచ్చే గీసింది. గీతలన్నీ చిక్కుపడ్డ జుట్టులా కలిసిపోయాయి. ఏది ఎవరిదో గీసిన మనిషికే తెలియలేదు.

చెంగుతో కళ్లు తుడుచుకుంటుంటే సంచిలో సూది గుచ్చిన దారం ఉండ కనబడింది, పిల్ల గౌను అంచు కుట్టడానికి తెచ్చుకున్నది, అదీ ఆకుపచ్చే. చదువు తొమ్మిదిలో ఆగింది గానీ, కుట్టుపని ఆగలేదు. మొదటి రంగుల కాగితం చూసుకుంటూ ఒకటో గీతకు కాడకుట్టు, రెండోదానికి ముడికుట్టు, మూడోదానికి గొలుసుకుట్టు... సూది కాగితం మీద గుర్రంలా పరుగెత్తింది.

మేనేజరు కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. "ఇది గ్రాఫా, దిండు గలీబా?"

"అందరూ ఒకటే రంగు కావాలని పట్టుబట్టారు సార్. కుట్టు మారిస్తే తేడా తెలుస్తుందని... ఏ కుట్టు ఏ ఓవెన్‌దో పక్కన రాశాను..." మాట తడబడింది.

ఆయన లేచి తలుపు మూశాడు. ఇక తీసేసినట్టేనని కొత్తమ్మ సంచి అందుకుంది.

"ఎవరికీ చెప్పకమ్మా. ఎరుపూ ఆకుపచ్చా నాకు ఒకేలా కనబడతాయి." వేలితో దారాన్ని తడుముతూ పోయాడు. "ఇదిగో గొలుసు! మూడోది. బుధవారం నుంచి జారిపోయింది. అబ్బ, ఎంత తేటగా ఉంది!"

"మరి ఇన్నాళ్లూ ఏ ఓవెన్ పాడైందో ఎలా చెప్పారు సార్?"

"మాస్టర్ల ముఖాలు చూసి. ఎవడి ముఖం పాలిపోతే వాడి ఓవెన్ ఆపించేవాణ్ణి."

మధ్యాహ్నానికి ఉద్యోగం ఖాయమైంది. ప్యాకింగ్ విభాగం గ్రాఫు కూడా ఆమెకే అప్పగించారు. అందులో గీతలు ముప్పై ఆరు.