బడబాబు గారి టూర్ ప్రోగ్రామ్

ఆ గురువారం పొద్దున్న వరాహనరసింహం గారు చెయ్యవలసిన పని ఒక్కటే. ఒక మెయిల్‌కి జవాబివ్వాలి. ఫలానా రోజు, ఫలానా వేళకి వస్తాం, ఇద్దరం, శాకాహారులం అని నాలుగు ముక్కలు రాసి పడేస్తే అయిపోయేది. చదువుకున్న మనిషికి అదెంత పని? కానీ ఆయన ఉత్త చదువుకున్న మనిషి కాదు. కొరాపుట్‌లో ఓ ప్రభుత్వ కార్యాలయంలో బడబాబు, అంటే హెడ్ క్లర్కు. ఏ శాఖో మాత్రం అడక్కండి. చెబితే రేపు మా ఇంటికీ ఓ మెమో వస్తుంది.

సంగతేమిటంటే, ఆయనకీ బాలాత్రిపురసుందరి గారికీ పెళ్లయి ఆ నెలాఖరుకి ముప్ఫై ఏళ్లు. విశాఖపట్నంలో బ్యాంకు ఉద్యోగం చేస్తున్న కూతురు సహస్ర, అమ్మానాన్నల కోసం అండమాన్‌లో ఓ బుల్లి దీవి మీద రిసార్టులో మూడు రాత్రులు బుక్ చేసింది. అల్లాటప్పా గది కాదు. కిటికీ తీస్తే సముద్రం, తలుపు తీసినా సముద్రమే. ఆ ఫోటోలు వచ్చిన దగ్గర్నించీ సుందరి గారు ఫోను కింద పెట్టలేదు. రెండుసార్లు పప్పు మాడింది, ఒకసారి పాలు పొంగాయి, ఆవిడకి చీమ కుట్టినట్టయినా లేదు.

అయితే బయల్దేరే ముందు ఆవిడ ఒక షరతు పెట్టింది.

"ఇదిగో వినండి. పూరీ వెళ్తే క్యూలో ఉండగా మీ ఆఫీసు నించి ఫోనొచ్చింది, దర్శనం కాకుండానే తిరిగొచ్చేం. అరకు వెళ్తే బస్సులో కూచుని ఉత్తరం రాసేరు. ముప్ఫై ఏళ్లలో మనిద్దరం ఎక్కడికెళ్లినా మీ ఆఫీసు కూడా వచ్చింది. ఈసారి రాకూడదు. వచ్చిందా, నేను రాను. మీరూ మీ ఆఫీసూ వెళ్లి సముద్రం చూసుకోండి."

"రాదు, రాదు. ఒట్టు," అన్నారు నరసింహం గారు, ఆవిడ నెత్తిమీద చెయ్యి పెట్టి మరీ.

ఆ ఒట్టు వేసి ఆయన తిన్నగా ఆఫీసుకే వెళ్లారు. ఇంట్లో కంప్యూటరు లేదు, ఫోనులో అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి. సీట్లో కూర్చుని మెయిల్ తెరిచాక ఆయనకో కోరిక పుట్టింది. ముప్ఫై రెండేళ్ల సర్వీసులో పదిహేడుమంది ఆఫీసర్ల తనిఖీ ప్రయాణాలకి టూర్ ప్రోగ్రాములు తయారుచేసిన చెయ్యి అది. తన పేరు మీద ఒక్కటంటే ఒక్కటి లేదు. ఒక్కసారి ఆ పేరు పైన పెట్టి చూసుకుంటే ఎలా ఉంటుందో! పాపం, ఆ ముచ్చటలో తప్పేముంది?

పాత ఫైలు తెరిచారు. ఆఫీసరు పేరు తీసి తన పేరు కొట్టారు. ఆయన రాసిన ఇంగ్లీషుని మన భాషలో చెప్పాలంటే ఇలా ఉంటుంది: ఉదయం 10.15, జెట్టీ వద్ద దిగుట. 10.45, విడిదికి చేరుట. సాయంత్రం 4.00, తీరప్రాంత పరిశీలన. వెంట వచ్చువారు, ఒకరు. ఆ ఒకరూ సుందరి గారు. పైన ప్రభుత్వ ముద్ర ఎలా ఉన్నది అలాగే ఉంది. మెమో నంబరు వెయ్యకుండా ఆయన చెయ్యి ఆగదు, వేసింది. అడుగున పాత ఫైల్లోని వాక్యం ఒకటి చెరపడం మరిచిపోయారు. "తనిఖీ నిమిత్తం రికార్డులన్నీ సిద్ధంగా ఉంచవలెను." దాని కింద, కాపీ ఎవరెవరికి వెళ్లాలో ఆ చిరునామాలూ అలాగే ఉన్నాయి. మీట నొక్కి, టీ తెప్పించుకుని, హాయిగా తాగారు.

ఆ కాగితం అందుకున్న రిసార్టు మేనేజరు పేరు దేబాశిష్. వేరే ఎవరైనా అయితే నవ్వి ఊరుకునేవాడే. మన ఖర్మకొద్దీ అతను బాలేశ్వర్ వాడు, పైగా ఒడిశా ప్రభుత్వంలో గుమస్తాగా చేసి రిటైరైన మనిషి కొడుకు. టూర్ ప్రోగ్రామ్ అంటే ఏమిటో అతనికి ఉగ్గుపాలతో తెలుసు. ఒడిశా వాళ్లకి అండమాన్‌లో ఏం పని అని యజమాని అడిగితే, "ఢిల్లీ నుంచి ఏదో ఉంటుంది సార్, మనకి చెప్పరు" అన్నాడు. మర్నాడే నరసింహం గారికి ఫోను చేశాడు. మాటలన్నీ ఒడియాలోనే.

"నమస్కారం సార్. మీరు ఎంతమంది వస్తున్నారు?"

"ఇద్దరమే బాబూ."

"ఇద్దరేనా! అయితే అన్నీ వివరంగా చూస్తారన్నమాట."

"చూడకపోతే ఎలాగ? అంత దూరం వచ్చేది చూడ్డానికే కదా. ఏదీ వదలం."

దేబాశిష్ గొంతు తగ్గించాడు. "సార్, మీ దగ్గర ఒక్క పైసా తీసుకోం. అంతా మా ఆతిథ్యం."

నరసింహం గారికి రోషం వచ్చింది. "చూడు నాయనా, నేను సర్వీసులో ఎవరి దగ్గరా ఊరికే కాఫీ చుక్క కూడా తాగలేదు. పూర్తిగా కడతాం, రసీదు తీసుకుంటాం."

దేబాశిష్‌కి ముచ్చెమటలు పోశాయి. ఊరికే పెడతానంటే ఒద్దనే ఆఫీసరు ఎంత ప్రమాదమో అతను చిన్నప్పటి నుంచీ నాన్న నోట విన్నాడు. ఇక రోజుకో మెసేజీ. సార్, జెట్టీకి కొత్త కటకటాలు వేయించాం. సార్, పడవలో లైఫ్ జాకెట్లు మార్పించాం. నరసింహం గారు అలవాటు కొద్దీ "నోటెడ్" అని జవాబిచ్చేవారు. అది చూసి అతను బెదిరిపోయి మర్నాడు ఇంకోటి బాగుచేయించేవాడు.

"ఎంత మర్యాదస్తుడే సుందరీ! మన కోసం కటకటాలు కూడా వేయించేడు," అన్నారు నరసింహం గారు.

"మనమేటి, చిన్న పిల్లలమా సముద్రంలో పడిపోడానికి?" అంది ఆవిడ, అయినా మురిసిపోతూ.

నాలుగో రోజున అటెండరు జగ్గారావు వచ్చి టేబులు ముందు నిలబడ్డాడు. గునుపురం వైపు రైతుబిడ్డ, ఆఫీసులో ఇరవై ఏళ్లుగా పాతుకుపోయిన మనిషి.

"బాబూ, అయ్యగోరు పిలస్తన్నారు. సేతిలో ఏదో కాయితం ఉంది. మొకం సూస్తే బాగోనేదు."

ఆ కాయితమేమిటో గదిలో అడుగు పెట్టగానే తెలిసింది. కాపీ చేరవలసిన చోటికి చేరింది. ఆఫీసరు సౌమ్యరంజన్ కుర్రవాడు, వచ్చి మూడు నెలలు. నరసింహం గారికి అన్నీ ఒక్కసారే తట్టాయి. సొంత షికారుకి ప్రభుత్వ ముద్ర, ప్రభుత్వ నంబరు! రిటైర్మెంటుకి రెండేళ్లుండగా చార్జిషీటు!

అవతల సౌమ్యరంజన్ అవస్థ వేరు. ఈ తనిఖీ సంగతి భువనేశ్వర్ నుంచి ఏదో ఉత్తరంలో వచ్చే ఉంటుంది, తను చదవకుండా సంతకం పెట్టేసి ఉంటాడు. ఇప్పుడు ఇదేమిటని బడబాబుని అడిగితే తనకి తెలీదని తెలిసిపోదూ? అందుకని గొంతు సవరించుకున్నాడు.

"చూశాను నరసింహం బాబూ. బాగా తయారుచేశారు."

"చిత్తం సార్."

"ఇంత ముఖ్యమైన తనిఖీకి నేను లేకపోతే బాగోదు. నేనూ వస్తాను. మా ఆవిడ మనీషా కూడా చాలా రోజులుగా ఎక్కడికైనా వెళ్దామంటోంది."

వద్దు అనవలసిన నాలుక ముప్ఫై రెండేళ్ల అలవాటులో, "అలాగే సార్" అనేసింది. బయటికొస్తే జగ్గారావు గుమ్మంలోనే ఉన్నాడు, అన్నీ విన్నాడు.

"మరి నాను కూడా రావాల కదా బాబూ? ఏ ఆపీసరు టూరెల్లినా గొడుగు పట్టేది నానే, కేరేజీ మోసేది నానే."

"అది సముద్రం జగ్గారావ్! మధ్యలో దీవి!"

"అయితే ఏటి? వంశధార పొంగినప్పుడు దాటనేదా నాను?"

అలా ఒక్కొక్కరే చేరారు. నరసింహం గారు రోజూ సాయంత్రం ఇంటికి వెళ్తూ, ఇవాళ సుందరికి చెప్పేద్దాం అనుకునేవారు. ఇంటికెళ్తే ఆవిడ కొత్త చెప్పులు వేసుకుని నట్టింట్లో నడిచి చూసుకుంటూ ఉండేది. ఆ మొహం చూసి ఎవడు చెబుతాడు? మీరైతే చెబుతారా?

బయల్దేరే రోజు రానే వచ్చింది. ప్రయాణానికి ముందు రాయగడలో మజ్జిగౌరమ్మకి దణ్ణం పెట్టుకోవడం సుందరి గారి పుట్టింటి నుంచి వచ్చిన అలవాటు. దర్శనం చేసుకుని, బొట్టు పెట్టుకుని, విశాఖపట్నం రైలు కోసం రాయగడ స్టేషనుకి చేరారు. సహస్ర విశాఖపట్నంలో విమానం ఎక్కిస్తుంది. ప్లాట్‌ఫారం మీద అడుగు పెట్టారో లేదో, గడ్డి టోపీ ఒకటి వాళ్ల వైపు పరిగెత్తుకొచ్చింది. దాని కింద మనీషా ఉంది.

"ఆంటీ! రైల్లో మనదంతా ఒకే డబ్బా!"

వెనక మూడు సూట్‌కేసులతో సౌమ్యరంజన్. ఆ వెనక ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో నాలుగు గిన్నెల కేరేజీతో జగ్గారావు. సుందరి గారు వాళ్లని చూసింది, భర్తని చూసింది. నరసింహం గారు సిగ్నలు స్తంభాన్ని చూస్తున్నారు.

"ఏటండీ ఇది?"

"అదీ... సుందరీ... ఆఫీసు..."

"వచ్చిందా?"

"వచ్చింది."

ఆవిడ అరవలేదు. అరిస్తే బాగుండును. పెట్టె మీద కూలబడి, చెప్పులు విప్పి పక్కన పెట్టుకుంది. "కొరాపుట్ బస్సు ఎన్నింటికో కనుక్కోండి," అంది. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి.

నరసింహం గారి గుండె కలుక్కుమంది. ముప్ఫై ఏళ్లలో ఆవిడ కోరింది ఇదొక్కటే, అది కూడా తను పాడుచేశాడు. చార్జిషీటొస్తే రానీ అనుకున్నారు. తిన్నగా ఆఫీసరు ముందుకి వెళ్లారు.

"సార్, తనిఖీ లేదు, ఏమీ లేదు. ఇది మా పెళ్లిరోజు. ఆ కాగితం రిసార్టుకి జవాబుగా నేను సరదాకి రాసుకున్నాను. తప్పు నాది. రేపు ఏ శిక్షయినా వెయ్యండి. ఈ మూడు రోజులు మాత్రం నేను మా ఆవిడతో ఒక్కణ్ణే వెళ్లాలి."

సౌమ్యరంజన్ కూడా ఓ సూట్‌కేసు మీద కూలబడ్డాడు.

"తనిఖీ లేదా? నిజంగా? ఒట్టు?"

"ఒట్టు సార్."

"అమ్మయ్య! రెండు వారాలుగా అన్నం సయించడం లేదు నరసింహం బాబూ! సముద్రంలో ఏం తనిఖీ చెయ్యాలో తెలీక చస్తున్నాను!" అని పడీ పడీ నవ్వాడు. నవ్వు ఆగాక, "ఏ కాగితమో మీరంటున్నది, నాకేం రాలేదే," అన్నాడు.

సర్దిన సూట్‌కేసులు విప్పేది లేదని మనీషా తేల్చి చెప్పింది. విశాఖపట్నంలోనూ సముద్రం ఉందిగా, వాళ్లక్కడే ఉండిపోతారు. జగ్గారావు కేరేజీలోంచి పులిహోర సగం సుందరి గారికి ఒంపి, "సల్లగా ఎల్లి రండమ్మా" అని గునుపురం బస్సు వెతుక్కుంటూ వెళ్లిపోయాడు. ఆవిడ కళ్లు తుడుచుకుని మళ్లీ చెప్పులు వేసుకుంది.

అప్పుడు మోగింది నరసింహం గారి ఫోను. దేబాశిష్. "సార్, బ్యాండు మేళం ఏ పాట వాయించాలి?"

కటకటాల సంగతి అప్పుడు అర్థమై, సుందరి గారు ఫోను లాక్కుంది. ఆవిడ ఒడియా బజారు ఒడియా, తిన్నగా తగుల్తుంది. "బాబూ, మేళమూ వద్దు, తాళమూ వద్దు. మేం తనిఖీకి రావట్లేదు. మొగుడూ పెళ్లాం, పెళ్లిరోజుకి వస్తన్నాం, అంతే. మిమ్మల్ని భయపెట్టేం, ఏమీ అనుకోకు."

అటు నుంచి అందరికీ వినిపించేంత గట్టిగా ఏడుపు గొంతు వచ్చింది.

"అమ్మా, అంత మాట అనకండి! నాలుగేళ్లుగా జెట్టీ బాగుచెయ్యండి, పనివాళ్ల గదుల్లో ఫ్యాన్లు పెట్టండి అని మొత్తుకుంటున్నాను. మా యజమాని విన్లేదు. సార్ కాగితం వచ్చాక మూడు వారాల్లో అన్నీ చేశాడు. వంటింటి మురుగుకాలవ ఒక్కటే మిగిలింది. తనిఖీ లేదని తెలిస్తే అదిక జన్మలో అవదు. దయచేసి తనిఖీకి రండమ్మా!"

అందరూ ఆవిడ మొహంలోకి చూశారు. సౌమ్యరంజన్ మెల్లిగా, "ఆంటీ, ప్రభుత్వం పేరు ఎత్తకండి. డబ్బు కట్టిన అతిథి ఏదైనా చూడొచ్చు, చూసింది ఎవరికైనా రాయొచ్చు," అన్నాడు.

సుందరి గారు కొంగు నడుముకి దోపుకుంది.

"సరే బాబూ. ప్రభుత్వం రాదు, నేనొస్తాను. వంటిల్లు, కాలవ, ఫ్యాన్లు, అన్నీ నేనే చూస్తాను. ముప్ఫై ఏళ్లు సంసారం చేసినదాన్ని, నా కంట్లో దుమ్ము కొట్టలేరని మీ యజమానికి చెప్పు. కాలవ నేనొచ్చేసరికి అయిపోవాలి."

"మరి నేను?" అన్నారు నరసింహం గారు బిక్కమొహం వేసి.

"మీరు సెలవులో ఉన్నారు," అంది ఆవిడ.

రైలొచ్చింది. ఎక్కారు. వాళ్లు దీవి చేరేసరికి కాలవ అయిపోయింది.

మూడు రోజుల తరవాత ఆ యజమానికి తెల్లకాగితం మీద నాలుగు పేజీల ఉత్తరం అందింది. నంబరు లేదు, ముద్ర లేదు, కింద బాలాత్రిపురసుందరి అని సంతకం. పరుపులు భేష్. పనివాళ్ల గదుల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి, మూలగదిది మాత్రం కీచుమంటోంది. శాకాహారం గరిటె రొయ్యల గిన్నెలో కనిపించడం గురించి ఒక పేజీ నిండా ఉంది. సూర్యాస్తమయం బాగుంది, దాన్ని మార్చనక్కర్లేదు. ఆఖరున రెండే రెండు వాక్యాలు: "నాతో వచ్చిన ఉద్యోగి మూడు రోజులూ ఇసకలో వెల్లకిలా పడుకుని ఏ పనీ చెయ్యలేదు. పనితీరు సంతృప్తికరం."