పెట్రోలు మాత్రమే తాగే దొంగ

"బావమరిదీ, ఈ భూమ్మీద నేరస్థులు రెండే రకాలు. నా చేతికి చిక్కినవాళ్లు, ఇంకా చిక్కబోయేవాళ్లు. మూడో రకం పుట్టలేదు, పుట్టబోదు!"

ఈ ప్రకటన చేసేటప్పుడు మా బావ ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు. రెండో కాలు, మా పికప్ బండి కింద మేస్త్రీ పెట్టిన పాత నూనె పళ్లెంలో ఉంది. కాలు పైకి లాక్కుని, బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, మొదట నిలబడ్డ చోటికే వచ్చి ఆగిపోయాడు. జేబులోంచి భూతద్దం తీసి నేలమీదికి వంగాడు.

"చూశావా? ఎవడో నూనె కాలితో బండి చుట్టూ తిరిగాడు. ఒంటికాలి మనిషి!"

"అది నీ కాలే బావా."

"నిజమైన పరిశోధకుడు తనని కూడా అనుమానిస్తాడు" అన్నాడు ఏమాత్రం తొణక్కుండా.

మా బావ అంటే మా అక్క భర్త. పేరుకు కళ్లజోళ్ల దుకాణం ఉంది గాని, ఆయన మనసంతా అపరాధ పరిశోధన మీదే. దుకాణంలోకెల్లా పెద్ద భూతద్దం ఎప్పుడూ ఆయన జేబులోనే ఉంటుంది. మొన్నామధ్య వాళ్ల వీధిలో నీటి మీటరు గుంట మీది మూత మాయమైతే, అది ఏదో పెద్ద ముఠా పనేనని తేల్చి, నిఘా వేసి, ఆ నిఘాలో వెనక్కి వెనక్కి నడుస్తూ ఆ గుంటలోనే పడ్డాడు. మూత గుంట అడుగున ఉంది. కేసు ఛేదించానని, మా అక్క చేత నడుముకు కట్టు కట్టించుకుంటూ నాకు ఫోన్ చేశాడు.

అలాంటి మనిషిని నేనెందుకు పిలిచానంటే, పిలవలేదు. ఆయనే వచ్చాడు.

నాది పరుపుల దుకాణం. పరుపులు కుట్టి, మా పికప్పులో వేసుకుని ఇళ్లకు చేరవేస్తాను. బండి పాతది, రెండు ఇంధనాలది. పెట్రోలుతో స్టార్టు చేసి, ఇంజను కాస్త వేడెక్కాక స్టీరింగు కింద, ఎడమ పక్కన ఉన్న చిన్న స్విచ్చిని కిందికి నొక్కితే గ్యాసుకు మారుతుంది. పైకి ఎత్తితే మళ్లీ పెట్రోలు. ఏది నడుస్తోందో చెప్పే బుల్లి దీపం ఒకటి ఉండేది గాని, అది మాడిపోయి చాలా కాలమైంది. పెట్రోలు ఖరీదు, గ్యాసు చవక. అందుకని వీధి మలుపు దాకా పెట్రోలు, అక్కణ్ణుంచి గ్యాసు. ఇన్నేళ్లుగా నా అలవాటు అదే.

ఈ మధ్య దానికి కాస్త ముస్తాబు చేయించాను. తలుపుల తుప్పు గీకించి రంగు వేయించాను, టైర్లు మార్పించాను. సీటు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఊరందరికీ పరుపులు కుట్టేవాణ్ని, నా బండి సీటు ఇంకొకడు కుట్టడమా! కుంగిపోయిన సీటులో మేలురకం పత్తి దట్టంగా కూరి నా చేత్తో నేనే కుట్టుకున్నాను. గుంతల్లో నా తల కప్పుకు తగులుతోందన్న మాట నిజమే గాని, సుఖం సుఖమే.

అదిగో, ఇంత చేశాక బండి నామీద పగబట్టింది. పెట్రోలు మంచినీళ్లలా తాగేయడం మొదలుపెట్టింది. దాని ముసలితనం నాకూ అంటుకున్నట్టు, గేరు మార్చేటప్పుడు నా ఎడమ మోకాలు టిక్కుమనసాగింది. రోజూ ఇంటికి రాగానే మా ఆవిడ మోకాలికి మందు రాస్తూ, బండిని తిట్టేది.

చివరికి ఒకరోజు మందు సీసా మూత బిగిస్తూ అంది: "ఏవండీ, ఇంక నావల్ల కాదు. పరుపుల మీద వచ్చేదంతా అది తాగేస్తోంది. పాత బళ్లు కొనే ఆయన్ని ఆదివారం రమ్మన్నాను."

మా అమ్మాయి పుట్టినప్పుడు ఆసుపత్రి నుంచి తల్లీబిడ్డల్ని ఇంటికి తెచ్చింది ఆ బండిలోనే. పసిపిల్లకు కుదుపు తగలకూడదని రాత్రికి రాత్రి ఒక బుల్లి పరుపు కుట్టాను. ఆ పరుపు మీద పిల్ల, పిల్ల పక్కన మా ఆవిడ, ఎద్దుబండి కన్నా నెమ్మదిగా నేను. ఇప్పుడా పిల్ల చదువు పూర్తిచేసి ఉద్యోగం చేస్తోంది. ఆ బండిని ఎవరో ముక్కలు చేసి అమ్ముకుంటారంటే నాకు అన్నం సహించలేదు. మా ఆవిడ కూడా ఆ మాట చెప్పేటప్పుడు నా మొహంలోకి చూడలేదు.

ఈ సంగతి మా అక్క ద్వారా బావకు చేరింది. మర్నాడు పొద్దున్నే భూతద్దంతో సహా దిగాడు.

నూనె పళ్లెం నుంచి తేరుకున్నాక మేస్త్రీని విచారణకు పిలిచాడు. మా మేస్త్రీ అరచేయంత మనిషి. బండి నడపాలంటే సీటును పూర్తిగా ముందుకు జరిపి, అంచు మీద కూర్చుంటాడు.

"నిజం చెప్పు. ఈ బండి లోపల ఏం జరుగుతోంది?"

"ఏం జరగట్లేదండీ. ఎయిర్ ఫిల్టరు నిండా పత్తి పట్టేసి ఉంటే దులిపేశా. పరుపులవాళ్ల బండి కదా, ఊపిరాడక కొట్టుకుంటోంది పాపం. ప్లగ్గులు మార్చా, టైర్లలో గాలి చూశా. బ్రేకు పట్టేస్తుంటే వదులు చేశా. నేను నడిపితే బ్రహ్మాండంగా పోతోంది. గ్యాసు మీదే పోతోంది."

"మరి ఇతను నడిపితే?"

"అదే నాకూ అర్థం కావట్లేదు" అని మేస్త్రీ తల గోక్కున్నాడు. "పెట్రోలు ఖాళీ. గ్యాసు సిలిండరు చూస్తే నిండుగా ఉంటుంది. సిలిండరు మీటరు సూది పాడైందేమోనని చూశా. బాగానే ఉంది."

బావ కళ్లు మెరిశాయి. ఆయన కళ్లు మెరిస్తే మాకు భయం.

"పెట్రోలు మాయం, గ్యాసు భద్రం! బావమరిదీ, వీడు మామూలు దొంగ కాదు. అభిరుచి ఉన్న దొంగ! పెట్రోలు తప్ప ఇంకోటి ముట్టడు."

టీ తెచ్చిన మా ఆవిడ ఆగింది. "అన్నయ్యగారూ, గ్యాసు తరగట్లేదంటే, బండి అసలు గ్యాసు మీద నడవట్లేదేమో?"

బావ జాలిగా నవ్వాడు. "చెల్లెమ్మా, అపరాధ పరిశోధనలో జవాబులు ఇంత తేలిగ్గా దొరికితే మాలాంటివాళ్లు ఏం చేసుకుని బతకాలి?"

"అయినా రోజూ వీధి మలుపులో నా చేత్తో నేనే స్విచ్చి వేస్తున్నాను కదే" అన్నాను. మా ఆవిడ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లింది.

సాయంత్రానికల్లా బావకు దొంగ దొరికాడు. మా ఎదురింటి ఇస్త్రీ దుకాణం ఆయన.

"చూడు, చూడు! కొత్త స్కూటరు కొన్నాడు. గోడకు రబ్బరు పైపు చుట్టి పెట్టుకున్నాడు. నీ బండి ఎదురుగా పొద్దస్తమానం నిలబడే ఉంటాడు. ఇంకేం సాక్ష్యం కావాలి?"

"ఆయన ఇస్త్రీ చేస్తాడు బావా. నిలబడక పడుకుని చేస్తాడా?"

బావ విన్లేదు. దర్జాగా రోడ్డు దాటి, "చట్టం చేతులు చాలా పొడుగు" అంటూ పైపు కొస అందుకుని వాసన చూశాడు. వాసన సరిగా తెలియక, నోట్లో పెట్టుకుని బలంగా ఒక్క పీల్పు పీల్చాడు. పైపు రెండో కొస మొక్కల పక్కనున్న తొట్టిలో ఉంది. నాలుగు రోజుల నాచునీళ్లు ఆయన గొంతులోకి, ముక్కులోకి, చొక్కా మీదికి వచ్చాయి.

ఇస్త్రీ ఆయన పెట్టె పక్కన పెట్టి, ఆదరంగా వీపు నిమిరాడు. "దాహమేస్తే అడగొచ్చు కదండీ. లోపల మంచినీళ్లున్నాయి."

పైగా ఆ చొక్కా విప్పించి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి మరీ ఇచ్చాడు. బావ అది తొడుక్కుంటూ, "సాక్ష్యం తుడిచేస్తున్నాడు, గమనించావా?" అని నా చెవిలో గొణిగాడు. నేను ఇస్త్రీ ఆయనకు దణ్ణం పెట్టి బావను ఇంటికి లాక్కొచ్చాను.

ఆదివారం రానే వచ్చింది. నేను బండి కడుగుతూ కూర్చున్నాను. అమ్మేసే బండిని అంత శ్రద్ధగా ఎందుకు కడుగుతున్నానో నాకే తెలియదు. తలుపు మీద కొత్త రంగు నిగనిగలాడుతుంటే ఏడుపొచ్చింది.

బావ గబగబా వచ్చాడు. మా దుకాణంలో గుడ్డలు కత్తిరించే పెద్ద కత్తెర ఆయన వెనక జేబులోంచి తొంగిచూస్తోంది.

"ఆ కత్తెరెందుకు బావా?"

"దొంగ పైపు పెట్టగానే కత్తిరించేస్తా. డ్రైవరు సీట్లో మాటువేసి కూర్చుంటా. ఊపిరి కూడా పీల్చను."

"బావా, కత్తెర తీసి..." అనేలోపే ఎక్కి కూర్చున్నాడు.

చర్రుమంది. బావ కెవ్వుమని లేచి, తల కప్పుకు కొట్టుకుని, మళ్లీ అదే కత్తెర మీద కూర్చున్నాడు. ఈసారి సీటు ఈ కొస నుంచి ఆ కొసకు చిరిగింది. పత్తి పొంగి, కిటికీలోంచి బయటపడి, వీధిలో ఎగురుతోంది. మధ్యలో బావ, కనుబొమల మీద, మీసాల మీద పత్తితో, ఒక్క క్షణంలో పండు ముసలివాడైపోయి, "బావమరిదీ, నా మీద హత్యాయత్నం జరిగింది!" అని అరిచాడు.

సరిగ్గా అప్పుడు బళ్లు కొనే ఆయన వచ్చాడు. లావుపాటి మనిషి, నోట్లో పుల్ల. సీటు చూసి పెదవి విరిచాడు.

"సీటు సంగతి తర్వాత చూద్దాం లెండి. ముందు మీరు నడపండి, పక్కన కూర్చుని ఇంజను వింటా. ఆ కొండ రోడ్డెక్కి దిగొద్దాం."

మా ఆవిడ మిగిలిన పత్తి కూడా ఊడ్చేసింది. కింద చెక్క తేలింది. దానిమీద గోనెసంచి పరుచుకుని కూర్చున్నాను. బావ వెనకాల పరుపుల మధ్య, గ్యాసు సిలిండరు పక్కన దూరాడు. దొంగ దారిలో దాడి చేస్తాడట.

వీధి మలుపులో అలవాటు కొద్దీ స్విచ్చి నొక్కాను. కొండ ఎక్కుతూ గేర్లు మార్చాను. ఇదే ఆఖరిసారి అనుకుంటే కళ్ల ముందు రోడ్డు మసకేసింది. మోకాలు కూడా టిక్కుమనలేదు, నొప్పి పెట్టలేదు. దుఃఖంలో ఒంటినొప్పులు తెలియవు కాబోలు అనుకున్నాను.

కొండ మీదికి చేరేసరికి వెనక కిటికీలోంచి బావ తల లోపలికి వచ్చింది. ఇంకా చెవిలో పత్తి ఉంది.

"బండి ఆపు! ఘోరం! వాడు గ్యాసు కూడా దొంగిలిస్తున్నాడు!"

"ఎవడు?"

"వాడే! సూది కదిలింది. నా కళ్లముందు, భూతద్దంలో చూస్తుండగా కిందికి దిగింది. ఇంత బరితెగించిన దొంగని నేనెక్కడా చూళ్లేదు. నడుస్తున్న బండిలోంచి..."

బండి పక్కకు తీసి ఆపాను. సూది దిగిందంటే గ్యాసు ఖర్చవుతోంది. గ్యాసు ఖర్చవుతోందంటే బండి గ్యాసు మీద నడుస్తోంది. మరి ఇన్నాళ్లూ నడవనిది ఇవాళ ఎందుకు నడిచింది? అదే బండి, అదే రోడ్డు, అదే నేను. మారింది సీటు ఒక్కటే.

"బావా, ఒక పరుపు ఇటు మడిచి అందించు."

మడిచిన పరుపు కింద వేసుకుని, సరిగ్గా నా పాత సింహాసనమంత ఎత్తున కూర్చున్నాను. క్లచ్చి తొక్కడానికి కాలు ఎత్తాను. మోకాలు పైకి లేచి స్టీరింగు కింద తగిలింది. టిక్.

వంగి చూశాను. గ్యాసు మీద ఉన్న స్విచ్చి పెట్రోలు మీదికి ఎక్కి కూర్చుంది.

ఇన్నాళ్లూ నేను చేత్తో గ్యాసు వేయడం, మరుసటి గేరుకే నా మోకాలు దాన్ని పెట్రోలుకు ఎత్తేయడం! టిక్కుమన్నది నా ఎముక కాదు, స్విచ్చి. మా ఆవిడ సీసాలకు సీసాలు మందు రాసింది ఆ స్విచ్చి కొట్టిన దెబ్బకు. ఇక మేస్త్రీ సంగతి సరే, ఆయన మోకాలు ఆ ఎత్తుకు అందనే అందదు.

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే సిగ్గేసింది. కొనే ఆయన పుల్ల ఇటు నుంచి అటు మార్చుకుని, "బండి భేషుగ్గా ఉంది. తీసుకుంటా" అన్నాడు. నా నవ్వు ఆగిపోయింది.

ఇంటి ముందు మా ఆవిడ నిలబడి ఉంది. జరిగిందంతా చెప్పాను. విని, కొనే ఆయన వైపు తిరిగింది.

"ఏమనుకోకండి. బండి అమ్మట్లేదు."

"మీరే కదమ్మా రమ్మన్నారు?"

"తప్పు బండిది అనుకున్నానండీ. మా ఆయన మోకాలిదని తెలియదు. ఆయన్ని అమ్మలేను కదా!"

ఆయన నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. బావ మాత్రం వీధిలో నిలబడి, ఇస్త్రీ ఆయనకు వినబడేలా ప్రకటించాడు: "నేరస్థుడు దొరికాడు! ఇంట్లోనే ఉన్నాడు. ఎడమ మోకాలు! మొదటి రోజు నుంచీ నా అనుమానం దానిమీదే. సీటు కోయడం నా పథకంలో ఆఖరి ఎత్తు."

"నాచునీళ్లు తాగడం ఎన్నో ఎత్తండీ?" అని ఎదురింటి నుంచి వినబడింది.

ఈ గొడవలో మా ఆవిడ ఎప్పుడు లోపలికి వెళ్లిందో చూడలేదు. బయటికి వచ్చేటప్పుడు ఆమె చేతిలో పాత చీరలో చుట్టిన మూట ఉంది. విప్పింది. మా అమ్మాయి బుల్లి పరుపు. వెలిసిపోయి, అణిగిపోయి, పలచబడింది. అది ఇంకా ఉందని నాకు తెలియదు.

"దాచావా?" అన్నాను.

"పారేస్తానా ఏంటి?" అని, దాన్ని చెక్క మీద పరిచి, అరచేత్తో సర్దింది. "ఎక్కి చూడండి."

ఎక్కాను. క్లచ్చి తొక్కాను, వదిలాను, మళ్లీ తొక్కాను. మోకాలికీ స్విచ్చికీ మధ్య మూడు వేళ్ల సందు ఉంది. టిక్కు లేదు. నేను కిందికి దిగి మా ఆవిడ భుజం మీద చెయ్యి వేశాను. ఆమె కళ్లు తుడుచుకుంది.

"ఏదీ, నేనూ ఒకసారి పరీక్షించాలి" అంటూ బావ బండెక్కాడు.

వెనక జేబులో మెరిసింది చూసి మేమిద్దరం ఒక్కసారే అరిచాం.

"కత్తెర!"