నట్టనడుమ శిలువ

ఆ శనివారం పొద్దున ఏసురత్నం అనుకున్నది చిన్న పనే. ఇటిక్యాల దగ్గరి కొత్త చర్చిలో ముందు గోడకు ఎర్ర శిలువ వేసి, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి తలకాయ కూర తినాలి. ఆదివారం ప్రతిష్ఠకు వీపనగండ్ల నుంచి అత్త రంగమ్మ వస్తోంది. బోర్డులు రాసేవాడికి పిల్లనిచ్చానని ఇన్నేళ్లూ మూతి తిప్పిన ఆ మనిషి చేత ఒక్క మంచి మాట అనిపించుకోవాలని అతని ఆశ.

"జర టేపు తీస్కపోరాదు?" అంది భార్య రజిత.

"నా కన్నే టేపు!"

గోడకు ఎదురుగా నిలబడి, చూపుతోనే నడుమ తేల్చి, శిలువ వేసేశాడు. కూరా తిన్నాడు.

ఆదివారం పొద్దున్నే తెర కట్టడానికి గోడ కొలిచిన పాస్టరు గారి భార్య అతన్ని పక్కకు పిలిచింది. "శిలువ ఎడమకు మూరెడు పోయిందయ్యా."

ఏసురత్నానికి తల కొట్టేసినట్టయింది. చెరిపే వ్యవధి లేదు. గుట్టుగా ప్రసంగ బల్లను శిలువ కిందికి జరిపాడు. బల్లకు సూటిగా ఆడవాళ్ల చాపలకూ మగవాళ్ల చాపలకూ నడుమ దారి జరిపాడు. అన్నీ కంటితోనే. ఈసారి కన్ను తప్పలేదు; అన్నీ శిలువకు సూటిగా కుదిరి, మూరెడు ఎడమకు పోయాయి. ఎడమ వైపు కూర్చునే ఆడవాళ్లు ఇరుక్కున్నారు. ఆలస్యంగా వచ్చిన రంగమ్మకు చెప్పుల పక్కన చోటు దొరికింది.

"మొగోళ్లు కాళ్లు సాపుకోని కూసున్నరు, మాకు గింత ఇరుకు జేసిందెవరు?" అని లేచింది.

"నేనే అత్తమ్మా," అన్నాడు ఏసురత్నం తల దించుకుని. "శిలువ నడుమ తప్పింది. కనవడొద్దని గివన్నీ జరిపిన."

రంగమ్మ గోడ వైపు తేరిపార చూసింది. "యాడ తప్పింది? నట్టనడుమనే ఉన్నది!"

పాస్టరు గారూ చూశారు, సంఘమంతా చూసింది. నడుమనే ఉందన్నారు.

"మా అల్లుని కన్నంటే కన్ను!" అంది రంగమ్మ.

ఇన్నేళ్లు ఎదురుచూసిన మాట ముల్లులా గుచ్చుకుంది. వారమంతా అతనికి ముద్ద దిగలేదు. శనివారం ఎవరూ లేనప్పుడు టేపుతో ఒకటికి రెండుసార్లు కొలిచి, పాత శిలువకు సున్నం కొట్టి, కచ్చితంగా నడుమ కొత్తది వేశాడు.

మర్నాడు బల్లా, చాపల నడుమ దారీ పోయిన వారం జరిపిన చోటే ఉన్నాయి. పాస్టరు గారు కళ్లు చికిలించారు. "కుడికి పోయినట్లుందేంది?" అవునవునంది సంఘం.

కూతురింట్లోనే ఆగిపోయిన రంగమ్మ నొసలు ముడిచింది. "మంచిగున్నదాన్ని ఖరాబు జేస్తివి. టేపు గిట్ల పట్టినవా ఏంది?"

"లేదత్తమ్మా, కంటితోనే వేసిన," అన్నాడు ఏసురత్నం, జేబులోని టేపును అరచేత్తో కప్పుకుంటూ.