ఒరిగే కారు, ఒద్దికైన కాపురం

కొత్తగా పెళ్లైనవాళ్లకు మిక్సీలు, గోడ గడియారాలు, టీవీలు ఇవ్వడం మానేయండి! మలుపులో ఒరిగే కారు ఒకటి ఇవ్వండి, చాలు.

మాకున్నది అలాంటిదే. మా ఆయన సురేంద్ర బెంగుళూరులో సెకండ్‌హ్యాండ్‌గా కొన్న ఫారిన్ కారు. అందులో యాక్టివ్ స్టెబిలైజర్ అని ఒక ఏర్పాటు ఉంది. మలుపులో బండి పక్కకు వాలకుండా కంప్యూటరూ ఆయిలూ కలిసి నిలబెడతాయట. మాది నిలబెట్టదు. ఎర్ర లైటు వెలిగించి, వేరుశనక్కాయల ట్రాక్టరులా వాలిపోతుంది. నేను వెళ్లి మా ఆయన భుజం మీద పడతాను. ఇందులో లోపం ఎక్కడుందో నాకైతే కనబడలేదు!

మెకానిక్ ఓబుళేసు మాత్రం ఉందన్నాడు. "షెడ్డులో నిలబెట్టుకుంటే రోగం దొరకదన్నా. బండిని రోడ్డు మీద తిప్పల్ల. యా మలుపులో ఎంత ఒరుగుతాందో ఇద్దరూ చూసుకోని రాండి."

ఇద్దరూ! ఎంత చక్కని మాట!

అనంతపురంలో మా ఇంట్లో పదిమందిమి. పెళ్లికి వచ్చిన టీవీ ఉన్నది మా గదిలో. సీరియళ్లు ముగిసేసరికి చిన్నత్తలిద్దరూ మా మంచం మీదే గుర్రు పెడుతుంటారు. అలాంటి ఇంట్లోంచి రోజూ సాయంత్రం ఇద్దరమే బయటపడాలంటే, డయాగ్నోసిస్ కాక ఇంకే దారి ఉంది? రాప్తాడు దాకా పరీక్షించాం. వజ్రకరూరు దాకా పరీక్షించాం. మిరపకాయ బజ్జీలు తినకముందు ఎలా ఒరుగుతోంది, తిన్నాక ఎలా ఒరుగుతోంది? ఇది శాస్త్రం కాదా?

ఇంతలో ఓబుళేసు కొంప ముంచాడు. "ఆయిల్ పైపు కారుతాందక్కా. అర్ధగంట పని."

"తొందరేమప్పా! కుడి మలుపులు ఇంకా సరిగా చూడలే," అన్నాడు మా ఆయన. బండి బాగైతే మా షికార్లకు తాళం పడినట్టే కదా!

ఆ సాయంత్రం మా అత్త తిమ్మమ్మ వచ్చి వెనక సీట్లో కూర్చుంది. "ఇన్ని దినాలు తేలని రోగమేందో నేనూ చూస్తా పాండి."

ఎడమ మలుపు. బండి కుడికి వాలింది, నేను మా ఆయన మీద పడ్డాను. కుడి మలుపు. బండి ఎడమకు, నా తలుపు వైపుకు వాలింది. అలవాటుకొద్దీ నేను మళ్లీ మా ఆయన మీదే పడ్డాను.

వెనక నుంచి దగ్గు వినిపించింది.

"బండి ఆ పక్క ఒరిగితే పిల్ల ఈ పక్క పడతాందేమిరా సురేంద్రా? రోగం యాడుండాదో తెలిసిందిలే. ఇంటికి పోనీ."

రాగానే టీవీని హాల్లోకి మార్పించింది. చిన్నత్తలు దాని వెంటే వెళ్లారు.

కారులో ఎర్ర లైటు ఇంకా వెలుగుతూనే ఉంది. షెడ్డు దాకా వెళ్లే తీరిక మాకిప్పుడు ఎక్కడిది?

ఇంతకీ, పెళ్లికానుకల సంగతి. కారు మీ తాహతుకు మించితే పరవాలేదు. తలుపుకు లోపలివైపు బిగించే గొళ్లెం ఒకటి ఇవ్వండి!