ఏడు పిల్లల తండ్రి

ఆ ఉదయం పరిశోధకురాలి పథకం చాలా చిన్నది. చివరి తూకాలు ముగించి, ప్రొఫెసరు చేత సంతకం పెట్టించుకుని, ఐదు గంటల్లోగా సిద్ధాంత గ్రంథం ఆఫీసులో ఇచ్చెయ్యాలి. గడువు ఆ రోజుతో సరి. దాటితే నాలుగేళ్ల చాకిరీ మట్టిపాలే.

మగ హార్మోను వల్ల చిట్టెలుకల మూత్రపిండాలు బరువెక్కుతాయనీ, వాటిలో ఒక ఎంజైము పెరుగుతుందనీ ప్రొఫెసరు ఇరవై ఏళ్లుగా చెప్పిందే చెబుతున్నాడు. ఆమె గ్రంథమూ అదే తేల్చింది. అయినా రెండు వారాల కిందట, ఆఖరిసారి సరిచూస్తే గానీ సంతకం పెట్టనన్నాడు. ఎవరి మీదా నమ్మకం లేక, కలిసి పెరిగిన ఎలుకల్ని ఆడా మగా తనే వేరుచేశాడు, అదీ కళ్లజోడు లేకుండా. పైగా కోసేవాడు ఎవరితోనూ మాట్లాడకూడదని నియమం పెట్టాడు. అందుకని ఆ ఉదయం ఎలుకల్ని సాకే బోనులాయన పక్కగదిలో కోసి, మూత్రపిండాలకు నంబరు వేసి కిటికీలోంచి అందించాడు. ఆమె తూచి, ఎంజైమూ కొలిచింది.

ఫలితం తిరగబడింది. ఆడవాటి మూత్రపిండాలే బరువు తూగాయి, ఎంజైమూ వాటిలోనే ఎక్కువ. తూచడం చేతకాదని ప్రొఫెసరు చిందులు తొక్కాడు. త్రాసు మార్చి మూడుసార్లు తూచినా అంతే. పావుగంటలో ఆయన కోపం కాస్తా గర్వమై కూర్చుంది.

"ఇన్నాళ్లూ లోకం పొరబడింది. చివరి అధ్యాయం తిరగరాస్తేనే సంతకం," అన్నాడు. ఆ పొరబడ్డ లోకంలో తనూ ఉన్నాడన్నది ఆయనకు తట్టలేదు.

"ఒకసారి ఎలుకల్ని చూసొస్తాను సార్."

"నేను వేరుచేసినవాటిని నువ్వు చూసేదేమిటి?"

ఆమెకు ఏడుపొక్కటే తక్కువ. మూడు గంటలకల్లా డైరెక్టరమ్మతో సహా అందరినీ హాల్లో పోగుచేసి, ప్రొఫెసరు తన మహా ఆవిష్కరణ చాటుతున్నాడు. బోనులాయన ఒక బోను పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. ఏమిటని డైరెక్టరమ్మ అడిగింది.

"మగవాటి బోనులో కొయ్యకుండా మిగిలినది ఈనిందండి. ఏడు పిల్లలు. ఏ పద్దులో రాయమంటారు?"

కోసినప్పుడు కనబడలేదా అని పరిశోధకురాలు అడిగితే, ఆడా మగా అన్నీ తారుమారేనని అప్పుడే కనబడిందనీ, మాట్లాడొద్దన్నారు గనక మాట్లాడలేదనీ చెప్పాడు.

డైరెక్టరమ్మ పట్టికలో ఆడ, మగ అన్న రెండు మాటలూ కొట్టేసి అటుదిటు రాసింది. అంకెలన్నీ పరిశోధకురాలి గ్రంథంతో అచ్చంగా సరిపోయాయి. ప్రొఫెసరు మొహం మాడ్చుకుని సంతకం గీకాడు. ఆమె మెట్లన్నీ పరుగున దిగి, ఐదుకు పది నిమిషాలుండగా గ్రంథం అప్పగించి, అక్కడే కుర్చీలో కూలబడి హాయిగా ఏడ్చింది.

మగ హార్మోను మీద లోకానికి పాఠాలు చెప్పే ప్రొఫెసరుకు, మగ ఎలుక ఎలా ఉంటుందో చూపించే పనిని సోమవారం నుంచి బోనులాయనకు అప్పగించారు.